సత్యశుద్ధ కాయకము
కత్తి చేయ నేర్చు పిన్నలకును, నేర్పు పెద్దలకును



వీరశైవ ధర్మమున కాయకమునకు గల స్థానము అందరెఱిగినదే. 12వ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు నెలకొల్పిన అనుభవ మంటపములో, అల్లమప్రభువు అధ్యక్షతన, పడవ నడపు చౌడయ్య, త్రాళ్ళు పేను చందయ్య, బట్టలుతుకు మాచయ్య, కట్టెలమ్ము మారయ్య, బుట్టలల్లు కేతయ్య ఒకే వరుసలో కూర్చుండిరి.  తమ తమ వృత్తులయందే శివుని కనుగొనిరి.

అయితే చేయు పని యెల్ల కాయకము కాజాలదు. దొంగయు రాత్రియెల్ల శ్రమించును. కల్తీ వర్తకుడును చెమటోడ్చును. కావుననే శరణులు కాయకమునకు సత్యశుద్ధి యను నియమమును చేర్చిరి. చేయి శుద్ధముగా ఉండవలెను, మాట శుద్ధముగా ఉండవలెను, వచ్చిన ప్రతిఫలము శుద్ధముగా ఉండవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను ఆ పని కూలి యగునేగాని కాయకము కాదు.

ఈ సత్యశుద్ధి ఎంతటి కఠిన నియమమో తెలిసికొనుటకు కొలిమిపని, అందును కత్తులు చేయు పని, మంచి ఉదాహరణము. కుండ కొనువాడు వ్రేలితో తట్టి చూచును. బట్ట కొనువాడు వెలుతురుకు పట్టి నేత చూచును. బియ్యము కొనువాడు నాలుగు గింజలు నోట వేసికొని చూచును. కత్తి కొనువానికి అట్టి పరీక్ష సాధ్యము కాదు. అంచు వ్రేలికి తగులునేగాని, ఆ అంచు వెనుకనున్న ఉక్కు సంగతి చేసినవానికొక్కనికే తెలియును. కొనువాడు డబ్బిచ్చి తీసికొని పోవునది సగము ఉక్కు, సగము చేసినవాని మాట.

పని క్రమమును కొంచెము పరిశీలించినచో ఈ సంగతి స్పష్టమగును.

మొదటిది లోహము. నూటికి 0.2 పాలు కర్బనము గల మెత్తని ఇనుము ఎంత కాల్చి ముంచినను గట్టిపడదు. 0.6 మొదలు 1 పాలు వరకు కర్బనము గల ఉక్కు పాయనమునకు లొంగి పదును నిలుపుకొనును. సానపట్టి మెరుగు దిద్దిన పిమ్మట రెండును ఒకే తీరున తళతళలాడును. ఊళ్ళలో కమ్మరులు పాత లారీల కమాను పట్టీలతో కత్తులు, కొడవళ్ళు చేయుదురు. అది మంచి ఉక్కే. కాని ఏండ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్ళు ఉండుటయు కద్దు.

రెండవది కాక. ఉక్కు ఎఱ్ఱగా కాగి సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడు చేరునప్పటికి అయస్కాంతమునకు అంటుకొనుట మానును. అంతకు కొంచెము పైకి కాకనిచ్చి, దాని జాతినిబట్టి నూనెలోగాని నీటిలోగాని ముంచినచో అది గాజువలె గట్టిపడును. కాక మితిమీరినచో లోని పలుకు ముతకబారును. అట్టి కత్తి చూచుటకు అందముగానే ఉండును. ఒకనాడు గట్టి మొద్దు తగులగానే పుటుక్కున విరుగును. నూనెలో ముంచవలసిన ఉక్కును నీట ముంచినచో వెంట్రుకవంటి పగులు పుట్టవచ్చును.

మూడవది మరల కాచుట. గట్టిపడిన ఉక్కు పెళుసు గనుక దానిని జాగు చేయక సుమారు 200 డిగ్రీలకు మెల్లగా కాచవలెను. రుద్ది తెల్లపరచిన అలుగుపై ఎండుగడ్డి రంగు పాకును. చాకునకు అదియే హద్దు. ఇంకను కాచినచో గోధుమవన్నె, ఊదావన్నె, తుదకు 300 డిగ్రీల దాపున నీలము వచ్చును. నీలపు పదను కమానుకు తగును గాని చాకు అంచునకు తగదు.

నాల్గవది సాన. తిరుగుచున్న సానరాతికి అలుగును ఆనించి, నీటిలో చల్లార్చుకొనక తొందరపడినచో పలుచని అంచు వేడెక్కి నీలమెక్కును. అచ్చట గట్టిదనము చచ్చును. ఆ నీలపు మచ్చను రెండు నిమిషములు రుద్ది తుడిచివేయవచ్చును. చచ్చిన పదును మాత్రము తుడుపుతో తిరిగి రాదు.

ఈ నాలుగు ఘట్టములలోను అసత్యమునకు చోటున్నది. పట్టుబడు అవకాశమో మిక్కిలి తక్కువ. మెత్తని ఇనుమును ఉక్కని అమ్మవచ్చును. పగులును మెరుగుక్రింద దాచవచ్చును. నీలమును తుడువవచ్చును. కత్తి విరిగిననాడు కొన్నవాడు తన చేతివాటమునో తన అదృష్టమునో నిందించుకొనును. కావున ఈ కాయకమున కాపలాదారు ఒక్కడే, చేసినవాని అంతరాత్మ. చూచువాడు లేనిచోట గూడ లింగము చూచుచున్నదని నమ్మినవానికే సత్యశుద్ధి పట్టుబడును. ఇష్టలింగమును దేహమునుండి విడదీయకుండుటలోని అంతరార్థములలో ఇదియు ఒకటి.

ఈ సందర్భమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్ర స్మరింపదగినది. మారయ్య కల్యాణమున నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడాతడు నిత్యముకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆవశ్యకమునకు మించిన గింజ తమది కాదని చెప్పి, ఆ మిగులును తిరిగి వేసి రమ్మని భర్తను పంపెను. మారయ్య పోయి వేసివచ్చెను. అచ్చట దొంగతనము లేదు, అడిగినవాడు లేడు, చూచినవాడు లేడు. అయినను లెక్క తప్పరాదన్నదే ఆ ఇల్లాలి పట్టుదల. ఇందు గమనింపదగిన విశేషము మరొకటి గలదు. మారయ్యకు తప్పు చూపినది శాస్త్రగ్రంథము కాదు, ప్రక్కనున్న మనిషి. సత్యమునందు నిలుచుటకు ఎంతటివానికైనను ప్రక్కన ఒకరు కావలెను. పిన్నవారికి మరింత కావలెను.

ఒక దృష్టాంతము. పదునారేండ్ల బాలుడొకడు దూరవాణి తెరమీద కత్తులు చేయువారిని చూచి ముచ్చటపడెననుకొందురుగాక. ఊరి చివర కొలిమిగల వృద్ధుని ఆశ్రయించి, సెలవు దినములలో ఆయన యెదుట కూర్చుండి, ఒక చాకును తానే దిద్దెను. తుది ఘట్టమున సానమీద తొందరపడగా కొన నీలమెక్కెను. గబగబ రుద్ది తుడిచి, పిడి బిగించి, వృద్ధుని చేతికిచ్చెను. వృద్ధుడు చాకును త్రిప్పి త్రిప్పి చూచి, ఎండిన వెదురుపై నాలుగు వేటులు వేయుమనెను. కొన అంచు మడిగెను.

“తాతా, మచ్చ పోయినది గదా అని ఊరకుంటిని” అని బాలుడు తలవంచుకొనెను.

“మచ్చ పోయినదిరా నాయనా, పదును గూడ పోయినది. నీవు నాకు చెప్పియుండిన ఈ వెదురు మిగిలెడిది” అని వృద్ధుడు నవ్వెను. ఆపై పిడి ఊడదీయించి, అలుగును మరల కొలిమిలో పెట్టించి, మొదటినుండి పాయనము పట్టించి, చీకటి పడువరకు ప్రక్కనే కూర్చుండెను.

ఈ చిన్న కథలో ఇద్దరికిని పాఠమున్నది. బాలుని పాఠమేమనగా, చెప్పిన తప్పు చాలవరకు దిద్దుకొనవచ్చును. దాచిన తప్పు మరొకని చేతిలో బయటపడును. వెదురుపై మడిగిన అంచు ఒక సాయంకాలపు శ్రమతో తీరినది. దాచిన పగులు గల కత్తి చెరకు నరకు కూలివాని చేతిలో విరిగినచో ఆ చేతిని ఏ కొలిమి దిద్దగలదు? అతని ఇంటి పొయ్యి ఆ చేతిమీదనే గదా వెలుగుచున్నది! అంచు నీలమెక్కుట ప్రతి అభ్యాసికిని సంభవించు పొరపాటే. పగిలిన అలుగు సంగతి వేరు. దానికి మరమ్మతు లేదు. ఎంత శ్రమపడి చేసినదైనను పాత ఇనుములో పారవేయవలసినదే. ఆ పారవేయగల ధైర్యమే ఈ విద్యలో మొదటి మెట్టు.

వృద్ధుని పాఠము అంతకన్న సూక్ష్మమైనది. ఆయన ఎదుట రెండు సులభమార్గములుండెను. “భేష్, మొదటి కత్తియే ఇంత బాగుండెనా!” అని పొగడి పంపవచ్చును. బాలుడు ఉప్పొంగి పోయెడివాడు, నేర్చుకొనునది మాత్రము శూన్యము. లేదా “ఇది కత్తియా? నీకేల ఈ పని?” అని కసరి పంపవచ్చును. బాలుడు మరల కొలిమి గడప త్రొక్కెడివాడు కాడు. పొగడ్త అసత్యము, కసురు నిర్దయ. ఆయన తప్పును దాచక చూపెను. చూపి విడిచిపెట్టక దిద్దువరకు ప్రక్కన నిలిచెను.

శరణచరిత్రలో ఈ ధర్మమునకు మహోదాహరణము గలదు. సొన్నలిగెయందు, అనగా నేటి సోలాపురమున, సిద్ధరాముడు చెరువులు త్రవ్వించుచు, గుడులు కట్టించుచు గొప్ప కీర్తి గడించియుండెను. అల్లమప్రభువు అచ్చటికి వచ్చి, ఆయనను ఒడ్డెవానిగా సంబోధించి ఎత్తిపొడిచెను. శిష్యులు కోపించి రాళ్ళు రువ్విరని శూన్యసంపాదన చెప్పుచున్నది. ప్రభువు వెనుదిరుగలేదు. బయటి చెరువులు త్రవ్వించినవాడు లోని చెరువు సంగతి మరచెనని సిద్ధరామునకు బోధపరచెను. ఆ పిమ్మట జరిగినదే ముఖ్యము. ప్రభువు విమర్శించి తన దారిని పోలేదు. సిద్ధరాముని వెంటబెట్టుకొని కల్యాణమునకు తీసికొనిపోయెను. అచ్చట సిద్ధరామునకు ఇష్టలింగ దీక్ష ఇచ్చినవాడు వయస్సున ఆయనకన్న చిన్నవాడైన చెన్నబసవణ్ణ.

ఈ వృత్తాంతమునుండి నేర్పువారు రెండు సంగతులు గ్రహింపవలెను. కఠిన సత్యము చెప్పు అధికారము, శిష్యుని చేయి పట్టుకొని నడిపించువానికే కలదు. ఒడ్డున నిలుచుండి రాయి వేయువానికి లేదు. రెండవది, గురుత్వము వయస్సునుబట్టి రాదు. ఆరు మాసములు ముందు నేర్చిన బాలుడు నేడు వచ్చిన బాలునకు పట్టుకారు పట్టుట చూపవచ్చును; తెలిసినంతవరకే చెప్పుచున్నానని ఒప్పుకొనినచో చాలును. తెలియని సంగతిని “తెలియదు” అనగలుగుట గురువునకు అవమానము కాదు. ఏ ఉక్కో తెలియని ముక్కను “ఇది ఫలానా ఉక్కే” అని శిష్యునితో బొంకిన పెద్దకన్న, “ముందొక తునక కాల్చి ముంచి, ఆకురాయి పెట్టి చూడుము, ఆకురాయి జారినచో గట్టిపడినట్లు, కఱచినచో మెత్తనిదైనట్లు” అని పరీక్ష నేర్పిన పెద్ద శతగుణము మేలు.

పరదేశములలోని కత్తిపనివారును ఈ సత్యమును తమ పద్ధతిలో గుర్తించిరి. ఇంగ్లండులోని షెఫీల్డు ప్రాంతమున 1624లో పార్లమెంటు శాసనముచే కత్తిపనివారి సంఘమొకటి ఏర్పడెను. శిష్యులు ఏడేండ్లు గురువువద్ద పనిచేయవలెను. పనివాడు తన వస్తువుపై తన ముద్ర వేయవలెను. ముద్ర అనగా గొప్ప చాటుకొనుట కాదు, తప్పు వచ్చినచో జవాబుదారి తానేనని చెప్పుట. అమెరికాలో 1976లో ఏర్పడిన కత్తికమ్మరుల సంఘమున మొదటి పట్టమునకు కఠిన పరీక్ష గలదు. అభ్యర్థి తానొక్కడే చేసిన కత్తితో, వ్రేలాడు అంగుళపు మందము త్రాటిని ఒక్క వేటున తెగవేయవలెను. పిమ్మట కఱ్ఱ దూలములను రెండుమారులు నరకవలెను. అంతటితో అంచు చెడరాదు. చేతి వెంట్రుకలను గొరుగగలుగవలెను. చివరకు అదే కత్తిని బిగించి 90 డిగ్రీలు వంచవలెను, విరుగరాదు. చేసినవాడు తన చేతులార తన కత్తిని చెరుపుకొనుటయే ఆ పరీక్ష. ఒక ప్రవీణుడు ఎదుట నిలిచి చూచును. మాటలకు తావు లేదు, పొగడ్తకు తావు లేదు, కోపమునకును తావు లేదు.

తెలుగునేలకు ఈ విద్య పరాయిది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి ఉక్కు చేసెడివారు. ఆ ఉక్కుకొరకు పారసీక వర్తకులు అంతదూరమునుండి వచ్చెడివారని, 19వ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఈ ప్రాంతమున సంచరించిన వాయిసీ అను శాస్త్రజ్ఞుడు వ్రాసిన వ్యాసమువలన తెలియుచున్నది. ఆ వ్యాసము 1832లో అచ్చైనది. పడమటి దేశములలో డమాస్కసు కత్తులని పేరొందినవానిలో అనేకములకు దక్షిణ భారతపు ఉక్కే మూలము. ఆ ఉక్కులో సహజముగా తేలు అలలవంటి గీతలే దానికి గుర్తు. నేడు రెండు మూడు రకముల ఉక్కును పొరలుగా అతికి, మడచి, ఆమ్లములో ముంచి గీతలు తేల్చు కత్తులకును అదే పేరు వాడుచున్నారు. అదియు నేర్పుగల పనియే, నిందింపదగినది కాదు. అయితే అది వేరు, ఇది వేరు అని కొనువానికి చెప్పవలెను. పైపైన గీతలు ముద్రించిన నాసిరకపు రేకును ఆ పేరుతో అమ్ముట మాత్రము పట్టపగటి మోసము. నేర్చుకొను బాలుడు వస్తువునకు సరియైన పేరు పెట్టుట మొదటినుండి అలవరచుకొనవలెను. తాను కొని తెచ్చిన అలుగునకు పిడి మాత్రము బిగించెనా, “పిడి నాది” అని చెప్పవలెను. గురువు పాయనము పట్టెనా, “పాయనము గురువుగారిది” అని చెప్పవలెను. అట్లు చెప్పినవాని తర్వాతి మాటకు విలువ పెరుగును.

వీరశైవ పంచాచారములు ఈ కాయకమునకు చక్కగా అన్వయించును. సదాచారమనగా న్యాయార్జితముతో జీవించుట. మంచి ఉక్కు, నిజమైన మాట, తగిన వెల. భృత్యాచారమనగా శివభక్తులకు సేవకుడనన్న వినయము. కత్తి కొనువాడు రైతుగాని, వంటఇంటి ఇల్లాలుగాని, చేసినవాడు వారి సేవకుడు. లింగాచారమనగా చిత్తమును ఒక్క లింగమునందే నిలుపుట. కాక చూచు క్షణమున చిత్తము చెదరినవాడు కత్తిని చెరుచును. గణాచారమనగా ధర్మమునకు, సమాజమునకు హాని కలుగునపుడు ఊరకుండమి; తోటివాడు పగిలిన కత్తిని అమ్ముచున్నాడని తెలిసి మౌనము వహించుట గణాచారమునకు విరుద్ధము. శివాచారమనగా శివభక్తులందరు సమానులని ఎంచుట. ఈ చివరిది నేర్పువారు విశేషముగా గమనింపవలెను. కొలిమి విద్య తన కులమువానికే, తన ఇంటివానికే అని దాచుకొనుట బసవేశ్వరుని మార్గము కాదు. కుమారుడు పట్టణమునకు పోయి వేరు ఉద్యోగము చూచుకొనగా, విద్యను ఎవరికిని చెప్పక కొలిమితోపాటు చల్లార్చుకొను వృద్ధులున్నారు. ఎవరి బిడ్డయైనను శ్రద్ధతో వచ్చి గడపలో నిలుచున్నపుడు, వానిలో జంగముని చూచి చెప్పవలెను. విద్యయు దాసోహములో భాగమే.

శిష్యునియెడల గురువునకు గల సత్యధర్మములో అపాయములను దాచకుండుట మొదటిది. “ఏమియు కాదు, భయపడకు” అను మాట కొలిమియొద్ద పలుకరాదు. జింకు పూతగల రేకును కొలిమిలో పెట్టినచో వచ్చు పొగ జ్వరము తెచ్చును. సానయొద్ద కండ్లకు అద్దములు లేక కూర్చున్నవాడు ఒక్క రజనుతో చూపు పోగొట్టుకొనవచ్చును. కాగిన ఇనుము నల్లబడినంత మాత్రమున చల్లారినట్లు కాదు. ముంచు నూనె భగ్గున మండవచ్చును గనుక మూత దగ్గర ఉండవలెను. వదులు బట్టలు, వ్రేలాడు కండువ తిరుగు సానకు చిక్కును. ఇవి పిల్లవానిని భయపెట్టుటకు చెప్పవలసినవి కావు, కాపాడుటకు చెప్పవలసినవి.

రెండవది, శిష్యుని కూలివానిగా వాడుకొనకుండుట. బాలకార్మిక నిషేధ చట్టము 1986లో వచ్చి, 2016లో సవరింపబడినది. 14 ఏండ్లు నిండనివారిని పనిలో నియమింపరాదనియు, 18 ఏండ్లు నిండనివారిని అపాయకరమైన పనులలో నియమింపరాదనియు దాని శాసనము. బడి మానిపించి తిత్తి ఊదించుట విద్యాదానము కాదు. బడి చదువు చదువుచు, తలిదండ్రుల అనుమతితో, పెద్దల కనుసన్నలలో, వయస్సుకు తగినంత మాత్రమే నేర్పవలెను. పిన్నవయస్సువానికి గీయుట, ఆకురాతితో దిద్దుట, పిడి చెక్కుట చాలును. నిప్పు, సమ్మెట వయస్సు వచ్చిన పిమ్మట. “మొక్కై వంగనిది మానై వంగునా” యన్నారు పెద్దలు. మొక్కను వంచుటకు మృదువైన చేయి కావలెను. విరిచినది మానును కాదు, మొక్కయు కాదు.

మూడవది, కత్తి దేనికొరకో చెప్పుట. ధర్మమునకు దయయే మూలమని బసవేశ్వరుని బోధ. హింసను, దొంగతనమును, అసత్యమును విడుచుటయే అంతశ్శుద్ధి, బహిశ్శుద్ధి అని ఆయన ఉపదేశసారము. కూర తరుగు చాకు, గడ్డి కోయు కొడవలి, కొమ్మ నరకు మచ్చుకత్తి జీవనాధారములు. యౌవనపు ఉడుకులో పొడుగు కత్తులు, బాకులు చేసి మిత్రులకు చూపవలెనను కోరిక పుట్టుట సహజము. 1959 నాటి ఆయుధ చట్టము, దాని నియమములు గృహ, వ్యవసాయ, పారిశ్రామిక పరికరములను వేరుగాను, 9 అంగుళములకు మించిన పొడవుగాని 2 అంగుళములకు మించిన వెడల్పుగాని గల ఇతరములైన కత్తులను వేరుగాను చూచుచున్నవి. ఈ సంగతి శిష్యునకు ముందే చెప్పవలెను. చట్టముకన్న ముందు మనస్సునకు చెప్పవలెను. ఎవని చేతికి ఇచ్చుచున్నావో తెలిసి ఇమ్మనుట గురువు విధి.

ఈ విషయమున మఠములు, గృహస్థులు చేయదగిన పనులు గలవు. తుమకూరులోని సిద్ధగంగామఠమువంటి మఠములలో నిత్యము వేలాది విద్యార్థులకు దాసోహము జరుగుచున్నది. అట్టి వంటశాలలలో కూరలు తరుగు కత్తులు, కత్తిపీటలు ఎన్ని కావలెను! పట్టణపు అంగడిలో కొనుటకు మారుగా సమీప గ్రామములోని కమ్మరికి, ఆయనయొద్ద నేర్చుకొను పిల్లలకు ఆ పని ఇచ్చినచో వారి విద్య నిలుచును. ఆ కత్తులు వంటశాలలో ఒక ఏడాది ఎట్లు నడచినవో, ఏది మొద్దుబారినదో, ఏది విరిగినదో నిష్కపటముగా వారికి తెలియజేసినచో అంతకు మించిన పరీక్ష లేదు. కేంద్ర ప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన విశ్వకర్మ పథకములో 18 వృత్తులు గలవు. అందు కమ్మరము ఒకటి. 18 ఏండ్లు నిండిన వృత్తిపనివారికి 5 మొదలు 7 దినముల ప్రాథమిక శిక్షణము, దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయలవరకు సహాయము అందు చెప్పబడినవి. ఇది మేలైనదే. అయినను ఏడు దినములలో చేతికి వచ్చునది సుత్తి పట్టుమాత్రమే. నీలపు మచ్చను తుడువవలెనను ఆశ పుట్టిన క్షణమున “వద్దురా” అని చెప్పు పెద్దదిక్కు ఏ పథకమునను దొరకదు. దానిని సమాజమే సమకూర్చవలెను.

గృహస్థులకు మరొక మనవి. పిల్లవాడు చేసిన మొదటి కత్తి వంకరగా ఉండును. దానిని కొనునపుడు జాలితో రెట్టింపు వెల ఇచ్చుటయు, వెక్కిరించి సగము వెలకు బేరమాడుటయు వలదు. కూరగాయలు తరిగి చూచి, ఉన్న గుణము, ఉన్న లోపము చెప్పి, తగిన వెల ఇచ్చుట వానికి చేయు మహోపకారము. ఎక్కువైన గింజలను తిరిగి వేయించిన లక్కమ్మ ధర్మము కొనువారికిని వర్తించును.

ఉక్కు ఎంత మంచిదైనను, కాకయు, తగిన చల్లదనమును, సానయు క్రమముగా పడినగాని కత్తి కాదు. అధికమైన కాక దానిని పెళుసు చేయును. చాలని కాక మెత్తగా విడుచును. బాలుని హృదయమును అట్టిదే. కాఠిన్యము మితిమీరినచో విరుగును, ముద్దు మితిమీరినచో పదునెక్కదు. ఎండుగడ్డి రంగు పాకు వేళను కనిపెట్టి నిప్పునుండి తీయు కన్నే గురువు కన్ను. ఆ కన్నుగల పెద్దలు ఊరూర వెలయుదురుగాక! లోపమును దాచక చూపు పిన్నలు వారి చెంత చేరుదురుగాక! పరశివుడు వారి కొలిమిని చల్లారనీయక, వారి మాటకు తుప్పు పట్టనీయక రక్షించుగాక!